హైమావతికి ప్రేరణ లేదు

రేగుగుంట జనాభా నలభై ఆరు వేలు. అందులో తెల్లవారుతూనే పరుగెత్తేవాళ్ళు ఇద్దరు. ఒకరు హైమావతి, రెండోవారు రిటైరైన లెక్కల మాస్టారు సాంబిరెడ్డి. ఇద్దరూ మునిసిపల్ గ్రౌండులో తమ మానాన తాము పది చుట్లు వేసుకుని ఇళ్ళకు పోయేవారు. వాళ్ళ వల్ల పురపాలక సంఘానికి ఏనాడూ ఏ ఇబ్బందీ కలగలేదు. కార్యాలయంలో వాళ్ళ పేరున ఒక్క కాగితం కూడా లేదు. ఆరేళ్ళపాటు ఒక పని ఏ కాగితమూ లేకుండా సాగిపోవడం ఎంత ప్రమాదమో అప్పటికింకా ఎవరికీ తట్టలేదు.

తట్టడానికి కమిషనర్ గారి శిక్షణ కారణమైంది. ఆయన మూడు రోజుల శిక్షణకని ఓ చల్లటి కొండ ప్రాంతానికి వెళ్ళారు. అలా వెళ్ళిన అధికారులు తిరిగొచ్చేటప్పుడు తేయాకు పొట్లాలో, ఉన్ని టోపీలో తెస్తారు. ఈయన ఒక వాక్యం తెచ్చారు. "ఎందుకు పరుగెడుతున్నాడో తెలియనివాడు ఎంతోకాలం పరుగెత్తలేడు." తేయాకైతే నెలలో అయిపోయేది.

అంతకు నెల ముందే ఊళ్ళో 'పరుగుల రేగుగుంట' అని పదహారు వారాల శిక్షణ మొదలైంది. మొదటి రోజు టీషర్టూ, రెండు అరటిపళ్ళూ, నాలుగిడ్లీలూ ఇచ్చారు. పదకొండు వందల నలభై మంది వచ్చారు. రెండో రోజు అరటిపళ్ళు మాత్రమే ఇచ్చారు. మూడు వందల మంది వచ్చారు. మూడో రోజు మంచినీళ్ళిచ్చారు. నాలుగో వారానికి గ్రౌండులో మిగిలింది హైమావతీ, సాంబిరెడ్డి మాస్టారూ. వాళ్ళిద్దరూ శిక్షణలో చేరనే లేదు.

ఎందుకిలా జరిగిందో తేల్చమని ఒక సంఘం వేశారు. ఇడ్లీల సంగతి తన పరిశీలన పరిధిలోకి రాదని ఆ సంఘం ముందుగానే తీర్మానించుకుంది. పౌరుల్లో వ్యక్తిగత ప్రేరణ లోపించడమే అన్నింటికీ మూలమని నివేదిక ఇచ్చింది. కమిషనర్ గారి వాక్యమూ, సంఘం వారి నివేదికా ఒకే టేబుల్ మీద పక్కపక్కన పడ్డాయి. వారం తిరక్కుండా ప్రేరణ విభాగం పుట్టింది. దానికి అధికారిగా చక్రధర్ గారిని వేశారు. అంతకుముందు ఆయన వీధికుక్కల నియంత్రణ చూసేవారు. పరుగుతో కాస్తో కూస్తో అనుభవమున్న అధికారి ఆ కార్యాలయంలో ఆయనొక్కరే.

సోమవారం తెల్లవారుజామున హైమావతి వెళ్ళేసరికి గ్రౌండు గేటుకు అడ్డంగా ఒక టేబులుంది. టేబుల్ వెనక బొజ్జను సొరుగులో ఇరికించుకుని గుమాస్తా మస్తాన్‌వలి కూర్చున్నాడు. పదేళ్ళుగా వాళ్ళ వీధికి ఇంటి పన్ను నోటీసులు తెచ్చే మనిషి. ఎప్పుడొచ్చినా హైమావతి మజ్జిగ ఇచ్చేది, నోటీసు పుచ్చుకునేది.

"అమ్మా, ఆగండాగండి. ఫారం నింపాల."

"ఏం ఫారం మస్తానూ? పరిగెత్తినందుక్కూడా పన్నేశారా?"

"పన్ను గాదమ్మా, ప్రేరణ. మీరెందుకు పరిగెత్తుతున్నారో రాయాలంట. రాస్తేనే లోపలికి."

హైమావతి ఫారం తిప్పి చూసింది. వెనకవైపు ఆమోదించిన ప్రేరణలు పద్నాలుగు, వరస నంబర్లతో అచ్చేశారు. ఒకటి, చక్కెర వ్యాధి. రెండు, రక్తపోటు. మూడు, అధిక బరువు. నాలుగు, డాక్టరు బెదిరింపు. ఏడు, పెళ్ళి కుదరకపోవుట. ఎనిమిది, పెళ్ళి కుదురుట. తొమ్మిది, బంధువుల వలన అవమానం. పద్నాలుగు, మహనీయుల స్ఫూర్తి. మహనీయుని ఫొటో రెండు ప్రతులు జతపరచవలెను.

"ఇందులో నాది లేదయ్యా."

"మీదేందమ్మా?"

"ఊరికే."

మస్తాన్‌వలి వేలు పెట్టి పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ వెతికాడు. "ఊరికే లేదమ్మా. పెళ్ళి కుదరకపోవటం దగ్గర కొట్టెయ్యమంటారా? ఎవరు చూస్తారు?"

"నాకు పెళ్ళై ఇరవై మూడేళ్ళయింది. మా ఆయన చూస్తాడు."

ఇంక చేసేదేం లేక హైమావతి వెనక్కి తిరిగింది. ఇంటికెళ్ళేసరికి ఆరు కూడా కాలేదు. గుమ్మంలో అడుగు పెట్టీ పెట్టగానే లోపల్నుంచి భర్త పానకాలరావు గొంతు వినిపించింది.

"హైమా, నా కళ్ళజోడెక్కడ?"

పానకాలరావుకు బస్టాండు దగ్గర కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. ఆయన దుకాణంలో నాలుగు వందల కళ్ళజోళ్ళుంటాయి, ఏది ఏ అరలో ఉందో ఆయనకు తెలుసు. ఇంట్లో ఉన్న ఒక్క కళ్ళజోడూ ఎక్కడుందో హైమావతికే తెలుసు. పాలపొట్లం ఎక్కడ, పంచదార ఎక్కడ, అత్తగారి మోకాళ్ళ తైలం ఎక్కడ, అన్నీ ఆవిడకే తెలుసు. గ్రౌండులో గడిపే ముప్పావు గంటలో మాత్రం ఏది ఎక్కడుందని ఆవిణ్ణి ఎవరూ అడగరు. రోజు మొత్తంలో ఆవిడదంటూ ఉన్నది ఆ ముప్పావు గంటే. ఆ సంగతి ఆవిడ ఎవరితోనూ అనలేదు. తనతోనూ అనుకోలేదు. పొద్దున్నే బూట్లు వేసుకుని వెళ్ళిపోయేది, అంతే.

పదిన్నరకి హైమావతి పురపాలక కార్యాలయానికి వెళ్ళింది. ప్రేరణ విభాగం గోడ మీద కుక్కల్ని పట్టే వలలు ఇంకా వేలాడుతున్నాయి.

"కూర్చోండి" అన్నారు చక్రధర్ గారు. "మీ మీద ఉన్న అభియోగమేమిటో తమకు విదితమే కదా?"

"పరిగెత్తానండి."

"అది ఘటన. ప్రేరణ లేకుండా పరుగెత్తడం అభియోగం. ప్రేరణరహిత పరుగును పురపాలక సంఘం ఉపేక్షించజాలదు."

"ప్రేరణంటే ఏవిటండీ?"

చక్రధర్ గారు కాగితం తీసుకుని ఒక చివర మనిషి బొమ్మ గీశారు, రెండో చివర జెండా గీశారు. "మనిషి ఇక్కడ. లక్ష్యం అక్కడ. మధ్యలో ఈ బాణముంది చూశారూ, ఇదే ప్రేరణ. తమ విషయంలో మనిషి ఉన్నారు, బాణం లోపించింది."

"నేను గ్రౌండు చుట్టూ తిరిగి మొదలెట్టిన చోటికే వస్తానండీ. బాణం ఎటు గీస్తారు?"

చక్రధర్ గారు మనిషి దగ్గర మొదలెట్టి, గుండ్రంగా తిప్పి మళ్ళీ మనిషి దగ్గరికే బాణం గీశారు. అది ఆ మనిషిని వెనకనుంచి పొడవబోతున్నట్టు కనబడేసరికి కాగితం నలిపేశారు.

"ఆరేళ్ళయిందండీ. జ్వరమొస్తే తప్ప ఒక్కరోజు మానలేదు" అంది హైమావతి.

"మా ఆందోళన కూడా అదే. పునాది లేకుండా ఆరేళ్ళుగా నిలబడి ఉన్న కట్టడం కనిపిస్తే మేమేం చేస్తాం? భేష్ అంటామా? కూల్చవలసిన వాటి జాబితాలో మొదట రాస్తాం. తమరు ఏ క్షణంలోనైనా మానేసే ప్రమాదముంది. లోపల ఏదో ఒక బాధ ఉండకపోదు. ఆలోచించుకోండి."

"బాధలకేవండీ, ఉన్నాయి. వాటికోసం పరిగెత్తటం లేదు."

"ఉన్నవాటిని వాడుకోకపోవడం వృథా వ్యయం" అన్నారు చక్రధర్ గారు నొచ్చుకుంటూ. పదిహేను రోజుల్లోగా తగిన ప్రేరణ సంపాదించి, ఆధారాలతో సమర్పించాలని గడువు రాసిచ్చారు.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర పానకాలరావు తేలిగ్గా తీసిపారేశాడు. "ఏదో ఒకటి రాసి పడేస్తే పోలా? బరువని రాయి."

"అంటే నేను బరువున్నాననా?"

"ఆ ముక్క నేనెక్కడన్నానే! తూకం మిషను చెబుద్ది" అన్నాడు పానకాలరావు, పెరుగు గిన్నె దగ్గరికి లాక్కుంటూ.

తూకం మిషను యాభై ఆరు కిలోలని చెప్పింది. ఫైలు మీద ఇలా రాశారు: "దరఖాస్తుదారు తొమ్మిది కిలోలు తక్కువ పడుచున్నందున అధిక బరువు ప్రేరణకు అనర్హురాలు. సదరు కొరత పూరించుకుని మరల దరఖాస్తు చేసుకొనవచ్చును."

ఆ కాగితం పట్టుకుని బయటికొస్తే వరండాలో బల్ల మీద సాంబిరెడ్డి మాస్టారు కూర్చుని జిలేబీ తింటున్నారు. తింటున్నారనడం కన్నా, మందు మింగినట్టు ఒక్కొక్కటే మింగుతున్నారనడం సబబు.

"అదేంది మాస్టారూ! మీకు షుగరు గదా!"

"ఉండేదమ్మాయ్. ఇప్పుడు లేదు, అదీ చిక్కు." మాస్టారు మీసానికంటిన పాకం తుడుచుకున్నారు. "ఆరేళ్ళు పరిగెత్తేసరికి దిగిపోయింది. రిపోర్టు చూసి, ప్రేరణ కాలం చెల్లిందని కొట్టేశారు. రెండొందలు దాటితే మళ్ళీ ఇస్తారంట. పూటకి పావుకిలో చొప్పున నాలుగు రోజుల్నించి కష్టపడుతున్నా. ఇవాళ్టికి నూట డెబ్బై."

"రెండొందలు దాటాక?"

"దాటాక పరిగెత్తొచ్చు."

"ఎన్నాళ్ళు?"

"దిగిందాకా." లెక్కల మాస్టారు కనక ఆయన అప్పటికే లెక్క తేల్చేశారు. "పన్నెండు రోజులు తిండి, ఇరవై రోజులు పరుగు. ఏడాదికి పదకొండు సార్లు ఎక్కి దిగొచ్చు. పైన పదమూడు రోజులు మిగులుతై, వాటినేం చెయ్యాలో తెలవటం లా."

ఆయన ఇంకో జిలేబీ తీసుకుని, కళ్ళు మూసుకుని నోట్లో వేసుకున్నారు. ఆయనకు చిన్నప్పట్నించీ తీపంటే గిట్టదు.

హైమావతి ఇంటికొచ్చి జాబితా మళ్ళీ చదివింది. ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ పోగా తొమ్మిదో నంబరు మిగిలింది. బంధువుల వలన అవమానం. దాని కింద చిన్న అక్షరాల్లో నిబంధన ఉంది. అవమానించిన బంధువు స్వయంగా హాజరై, అధికారి సమక్షంలో, ఇద్దరు సాక్షుల ఎదుట సదరు అవమానాన్ని మరల చేసి చూపవలెను.

"ఏవండీ, రేపు పదకొండింటికి మీకు పనేమన్నా ఉందా?" అంది.

"లేదు. ఏం?"

"ఆఫీసుకొచ్చి నన్ను నాలుగు మాటలనాలి."

పానకాలరావు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. సాక్షులుగా మస్తాన్‌వలి ఒకడు, కుళాయి బాగు చెయ్యడానికొచ్చిన ఫిట్టరు ఒకడు. ఫిట్టరు చేతిలో రెంచి అలాగే ఉంది.

"ప్రారంభించండి" అన్నారు చక్రధర్ గారు గడియారం చూసి.

పానకాలరావు గొంతు సవరించుకున్నాడు. "హైమా... నిన్న సాంబారు..."

"ఊఁ, చెప్పండి" అంది హైమావతి ధైర్యం ఇస్తూ.

"సాంబారు... ఏం బాలా."

"అట్టాంటప్పుడు మూడుసార్లెందుకు వేయించుకున్నారు?"

"అది బాగుండబట్టి..." అని నాలిక్కరుచుకున్నాడు పానకాలరావు.

"ఇది ప్రశంస కిందికి వస్తుంది. రాయకు మస్తాన్" అన్నారు చక్రధర్ గారు. "చూడండీ, తీవ్రత చాలదు. కనీసం ఒక ఏడాదిపాటు మనిషిని పరుగెత్తించగల అవమానం కావాలి."

"అయ్యా, నాది కళ్ళజోళ్ళ కొట్టండీ. ఏ కళ్ళజోడు పెట్టుకున్న మొహాన్నయినా బాగుందనే అనాల. ఇరవై ఏళ్ళయి వేరే మాట నోటికి రావటం లేదు."

ఇలాంటి బలహీనుల కోసం విభాగం వారు ముందుచూపుతో నమూనా అవమానం ఒకటి అచ్చు వేయించి ఉంచారు. మస్తాన్‌వలి దాన్ని తెచ్చి చేతికిచ్చాడు. పానకాలరావు కాగితం దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు, జేబులు తడుముకున్నాడు. హైమావతి సంచీలోంచి కళ్ళజోడు తీసిచ్చింది.

"ఓసీ చుక్క చుక్క చుక్క చుక్క" అని మొదలుపెట్టాడు పానకాలరావు.

"అక్కడ పేరు చదవాలండీ" అన్నాడు ఫిట్టరు ఉండబట్టలేక.

"ఓసీ హైమావతీ గారూ! నీ వయసేమి, నీ వాలకమేమి? నీవు దేనికిని కొరగావు. నీవు గేటు వరకు పరుగెత్తినచో నేను నా... నా మీసము గొరిగించుకొందును."

పానకాలరావుకు మీసం లేదు. ఆయన ఒకసారి పైపెదవి తడుముకుని, "ఇది లేకపోయినా చెల్లుద్దాండీ?" అని అడిగాడు. హైమావతికి ముందు భుజాలు కదిలాయి. తర్వాత కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ తర్వాత కొంగు కూడా ఆపలేకపోయింది. ఫిట్టరు చేతిలో రెంచి కిందపడింది. మస్తాన్‌వలి బొజ్జ టేబుల్ని కదిపేసింది.

ఫైలు మీద ఇలా నమోదైంది: "అవమానిత నవ్వినది. సాక్షులు నవ్విరి. అవమానించినవారు మధ్యలో ఒకసారి ప్రశంసించి, ఒకసారి 'గారూ' అని గౌరవించిరి. కావున అవమానం చెల్లదు."

దారిలో పానకాలరావు తల వంచుకుని నడిచాడు. "నీకీ మాత్రం సాయం చెయ్యలేకపోయాను" అన్నాడు. హైమావతి నవ్వు ఆగిపోయింది. ఆరేళ్ళుగా తను ఎక్కడికి పోతోందో, ఎందుకు పోతోందో ఈ మనిషి ఒక్కసారి కూడా అడగలేదు. అడగకపోవడం కూడా ఒక సాయమేనని ఆవిడకు ఇన్నాళ్ళూ తోచలేదు.

గడువు అయిపోయింది. ఆవిడ వరకు గేటు మూసుకుంది.

ఈలోగా గ్రౌండులో మాత్రం ప్రేరణ పొంగి పొర్లుతోంది. శిక్షణలో మొదటి రోజు చేరిన పదకొండు వందల నలభై మందీ ఇళ్ళలో ఉండే ఫారాలు నింపి పంపారు. వాడని ప్రేరణ వారంలో చల్లబడుతుందని ఒక నిపుణుడు చెప్పడంతో, ప్రతివాళ్ళూ ప్రతి సోమవారం వచ్చి దాన్ని పునరుద్ధరించుకోవాలన్నారు. వరస పొడుగై గేటు దాటేసరికి టేబుళ్ళు లోపలికి జరిపారు. ఇంకా జరిపి పరుగు బాటకు అడ్డంగా వేశారు. తెల్లవారుజామున ఐదింటికి వరసలో నిలబడితే ముద్ర పడేసరికి ఎనిమిదవుతుంది. ఆ ఎండలో ఎవరు పరుగెడతారు? ముద్ర వేయించుకుని, టిఫిను తిని ఇళ్ళకు పోయేవారు. మూడు గంటలు నిలబడి కాళ్ళు లాగుతున్నాయని ఇద్దరు నాలుగో నంబరుకు, అంటే డాక్టరు బెదిరింపుకు, మారారు. నెలాఖరు నివేదికలో, రేగుగుంటలో ప్రేరణ నూరు శాతమని రాశారు. పరుగుకు విడిగా కాలమ్ లేదు.

నివేదిక పైకి వెళ్ళింది. 'సంపూర్ణ ప్రేరిత పట్టణం' అనే బిరుదుకు రేగుగుంట పేరు పరిశీలనలో ఉందనీ, గురువారం తెల్లవారుజామున పరిశీలక బృందం వస్తుందనీ పైనుంచి ఉత్తరం వచ్చింది. ఉత్తరం చివర్న ఒక వాక్యముంది. "ప్రేరితులైన పౌరులు పరుగెత్తుచుండగా బృందం తిలకించును."

కార్యాలయంలో అందరూ ఆ వాక్యాన్ని రెండేసి సార్లు చదివారు. మంగళవారం హడావిడిగా ఒక పరీక్ష పెట్టారు. ప్రేరణ పట్టికలో మొదటి స్థానంలో ఉన్నది ఒక బట్టల వ్యాపారి. తనలో ప్రేరణ ఎలా రగిలిందో మూడు పేజీలు రాసి ఫ్రేము కట్టించిన మనిషి. ఆయన కొబ్బరికాయ కొట్టి బయల్దేరి, సగం చుట్టు దగ్గర చతికిలబడి, గోలీసోడా అడిగాడు. రెండో స్థానంలో ఉన్నాయన అది చూసి, తన ప్రేరణ రక్తపోటు కనక పరుగెత్తడం తనకు మంచిది కాదన్నాడు.

బుధవారం సాయంత్రం చక్రధర్ గారు స్వయంగా హైమావతి ఇంటికొచ్చారు. వెనక మస్తాన్‌వలి ఫైలు పట్టుకున్నాడు.

"తమ విషయం సానుభూతితో పునఃపరిశీలించడమైనది" అని చక్రధర్ గారు కాగితం విప్పారు. "శ్రీమతి హైమావతి అను తమరు, పురపాలక సంఘం వారి ప్రత్యేక అధికారములను పురస్కరించుకుని, ఇందుమూలముగా తక్షణమే ప్రేరితులైనారని తెలియజేయడమైనది."

"ఇప్పుడు నాకు ప్రేరణొచ్చినట్టేనాండీ?"

"సంతకం పెట్టిన మరుక్షణం వస్తుంది. రేపు అయిదున్నరకి తమరు పరుగెత్తాలి. ఎందుకని ఎవరైనా అడిగితే ఈ మెమో నంబరు చెప్పండి చాలు."

గేటు తెరుస్తున్నారన్న సంతోషంలో హైమావతి సంతకం పెట్టేసింది. బూట్లు దులిపి గుమ్మం దగ్గర పెట్టుకుంది. మెమోతోపాటు ఇచ్చిన పదకొండు వందల నలభై ఒకటో నంబరు బిళ్ళను చున్నీకి గుచ్చుకుని చూసుకుంది.

గురువారం ఐదింటికి అలారం మోగింది. ఆరేళ్ళలో అలారం మోగడం ఆవిడ వినడం అదే మొదటిసారి. రోజూ మోగకముందే లేచి నొక్కేసేది. ఆ వేళ మోగి మోగి అదే ఊరుకుంది. లేవాలి, అనుకుంది హైమావతి. ఎందుకు లేవాలి? ఆరేళ్ళుగా ఈ ప్రశ్న ఎన్నడూ పుట్టలేదు. ఇప్పుడు పుట్టింది, జవాబును కూడా వెంటబెట్టుకునే వచ్చింది. ఎందుకంటే మెమో ఉంది. ఆ జవాబు చాలా సక్రమంగా ఉంది. ముద్ర కూడా ఉంది. కానీ దానికి దుప్పట్లోంచి ఒక్క కాలు బయటికి లాగే శక్తి లేదు.

గ్రౌండులో చక్రధర్ గారు గేటు వంకే చూస్తూ నిలబడ్డారు. బృందం దిగింది. ఖాళీ బాట చూసింది. బాట మీద టేబుళ్ళూ, వాటి మీద నీటుగా కట్టిన పదకొండు వందల నలభై ఒక్క ఫైళ్ళూ చూసింది.

"పౌరులెక్కడ?" అన్నాడు నాయకుడు.

చక్రధర్ గారు ఫైళ్ళ వైపు చెయ్యి చూపించారు. "ప్రేరణలో ఉన్నారు సార్" అన్నారు.

నాయకుడు ఒక ఫైలు విప్పి, ముద్రలు లెక్కబెట్టుకుని తృప్తిగా తలాడించాడు. పరుగు సంగతి వచ్చే ఏడాది వేరే బృందం చూస్తుందన్నాడు. శనివారానికి బిరుదు వచ్చేసింది.

హైమావతి మాత్రం శుక్రవారమూ లేవలేదు. శనివారమూ లేవలేదు. గేటు తెరిచే ఉంది, బూట్లు గుమ్మంలోనే ఉన్నాయి. పక్క మీద కళ్ళు తెరుచుకుని పడుకునేది, కాళ్ళు మాత్రం ఆవిడవి కానట్టుండేవి. ఆవిడకు భయం వేసింది. గేటు మూసినప్పుడు కూడా ఇంత భయం వెయ్యలేదు. అప్పుడు పోయింది గ్రౌండే. ఇప్పుడు లోపల్నుంచి ఏదో పోయింది.

ఆదివారం పానకాలరావు తనంతట తానే లేచాడు. కళ్ళజోడు తనే వెతుక్కున్నాడు. ఒక గ్లాసుడు కాఫీలాంటిది కాచి తెచ్చి మంచం పక్కన పెట్టాడు.

"ఏమైంది హైమా? ఒంట్లో బాలేదా?"

"ప్రేరణొచ్చిందండీ" అంది హైమావతి నీరసంగా.

పానకాలరావు ఆవిడ నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు. "తిరిగిచ్చెయ్" అన్నాడు.

సోమవారం హైమావతి మెమోనీ, బిళ్ళనీ కవర్లో పెట్టి, పైన "వాడలేదు" అని రాసి కార్యాలయంలో ఇచ్చింది. ప్రేరణ వాపసు తీసుకునే పద్ధతి లేదన్నాడు మస్తాన్‌వలి. తర్వాత అటూ ఇటూ చూసి, "అందినది" అనే ముద్ర కొట్టి సొరుగులో పడేశాడు.

మంగళవారం అలారం కన్నా పది నిమిషాల ముందు హైమావతికి మెలకువ వచ్చింది. కాళ్ళు అప్పటికే మంచం దిగి ఉన్నాయి.

గ్రౌండుకి వెళ్ళే హక్కు లేదు కనక కాలవ గట్టుకు పోయింది. మునిసిపాలిటీ హద్దు దాటాక గట్టు మొదలవుతుంది. ఒక పక్క నీళ్ళు, ఒక పక్క ఎండబోసిన మిరపకాయల కల్లాలు. మిరపఘాటుకు ఒక తుమ్ము తుమ్మి పరుగందుకుంది. రెండు ఫర్లాంగులు పోయిందో లేదో వెనకనుంచి కేక.

"అమ్మా! ఆగండమ్మా! మెమో!"

మస్తాన్‌వలి రబ్బరు చెప్పులతో, ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని, రెండో చేత్తో కాగితం ఊపుతూ వస్తున్నాడు.

"ఏం మెమో?" అంది హైమావతి పరుగు ఆపకుండా.

"ప్రేరణ వాపసిచ్చి మరీ... పరిగెత్తుతున్నందుకు... సంజాయిషీ అడిగారమ్మా! ఆగండి!"

"ఇంటికి తెచ్చియ్యరాదూ!"

"కుదరదంటమ్మా! పరిగెత్తుతుండగానే... చేతికియ్యాలంట! చక్రధర్ సారు పాత సెక్షన్లో... అదే రూలంట!" ఆ మాటతో ఊపిరి అయిపోయి అతను మొదటి తూము మీద కూలబడ్డాడు.

ఆగి తీసుకుంటే పరుగెత్తుతుండగా ఇచ్చినట్టు కాదు. కనక హైమావతి ఆగలేదు. కనక మస్తాన్‌వలి మర్నాడు మళ్ళీ వచ్చాడు. ఆ రోజు రెండో తూముదాకా వచ్చాడు. మూడో రోజు చెప్పులు చేత్తో పట్టుకుని మోటారు షెడ్డుదాకా వచ్చాడు. రెండో వారంలో బూట్లు కొనుక్కున్నాడు. చెమటకు తడుస్తోందని మెమోని ప్లాస్టిక్ కవర్లో పెట్టి జేబులో పెట్టుకోవడం మొదలెట్టాడు. నాలుగో వారానికి బెల్టుకు కొత్త చిల్లు పొడిపించుకున్నాడు. అందజేత ప్రయత్నంలో ఉన్నదని ప్రతిరోజూ ఫైల్లో రాస్తున్నాడు.

ఒకరోజు తెల్లవారుజామున హైమావతి పక్కకు తిరిగి చూస్తే, మస్తాన్‌వలి ఆయాసం లేకుండా ఆవిడ పక్కనే పరుగెడుతున్నాడు. ఎంతసేపట్నించి అలా పరుగెడుతున్నాడో ఏమో.

"అందుకున్నావుగా మస్తానూ. ఇంక ఇచ్చెయ్."

అతని చెయ్యి జేబు మీదికి వెళ్ళి అక్కడే ఆగిపోయింది. మోటారు షెడ్డు దాటాక అడిగాడు.

"ఇస్తే ఏమవుద్దమ్మా?"

"నేను సంజాయిషీ రాస్తాను. అంతేగా."

"అది గాదమ్మా. ఇచ్చేస్తే, రేప్పొద్దున నేనెందుకు రావాల?"

ఇంకో ఫర్లాంగు పోయాక హైమావతి పరుగెత్తుతూనే చెయ్యి చాపింది. "ఇటియ్యి" అంది. మస్తాన్‌వలి ఇష్టం లేకుండానే కవరు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. నిబంధన ప్రకారం అందజేత పూర్తయింది. మిగతా దారంతా అతను ఖాళీ జేబు తడుముకుంటూనే ఉన్నాడు.

ఆ మధ్యాహ్నమే హైమావతి సంజాయిషీ రాసి పంపింది. ఒకే మాట రాసింది. "ఊరికే." దాని భావం తేల్చడానికి ముగ్గురు సభ్యులతో ఒక సంఘం వేశారు. వాళ్ళింకా కూర్చునే ఉన్నారు.

మర్నాడు గట్టు మీద హైమావతి బూటు తాళ్ళు బిగించుకుని బయల్దేరింది. మొదటి తూము దగ్గర వెనక అడుగుల చప్పుడైంది. మస్తాన్‌వలి. జేబులో ఏమీ లేదు. చేతిలోనూ ఏమీ లేదు. అతని వెనక ఇంకెవరో పంచె ఎగ్గట్టుకుని వస్తున్నారు. సాంబిరెడ్డి మాస్టారు. లెక్క తప్పి, ఎక్కుతూ జారుతూ జిలేబీల కష్టం నూట తొంభై ఎనిమిదిదాకా వచ్చాక, ఇంక రెండు పాయింట్లుండగా, ఆయన పొట్లం కాలవలో పడేశారట.

ఎందుకొచ్చారని హైమావతి అడగలేదు. వాళ్ళూ చెప్పలేదు. ముగ్గురూ ఎవరి ఊపిరి వాళ్ళు వింటూ పరుగెత్తారు. మిరపకల్లాల దగ్గరికి రాగానే ముగ్గురూ వరసగా తుమ్మారు.

దానికి మాత్రం కారణముంది.